హస్తవాసి వెనుక ఉన్న లెక్క

"ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది" అనే మాట మన తెలుగునాట తరతరాలుగా వినబడుతున్నది. ఒకే జబ్బుకు ఇద్దరు వైద్యులు ఒకే మందు రాసినా, ఒకరి దగ్గర నయమై మరొకరి దగ్గర నయం కాకపోతే మనం దానికి హస్తవాసి అని పేరు పెట్టుకున్నాము. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ మాత్రమే అన్నది మన విశ్వాసం. అయితే ఆయన సృష్టించిన ఈ లోకంలో ప్రతి ఫలితానికీ ఒక కారణం ఉంటుంది. హస్తవాసి అని మనం పిలుచుకునే దానిలో ఒక పెద్ద భాగం మోతాదు. ఈ రోగికి, ఈ వయసులో, ఈ శరీరానికి, ఈ మందు ఎంత ఇవ్వాలి, ఎన్ని గంటలకొకసారి ఇవ్వాలి, ఎప్పుడు తగ్గించాలి అన్న లెక్క తెలిసిన చేయి మంచి హస్తవాసి గల చేయి అవుతుంది.

ఆ లెక్క పుట్టుకతో రాదు. నేర్పవలసినది, నేర్చుకోవలసినది. వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు దానిని ఎలా నేర్పుతున్నారు? అది తెలియకపోతే మన ఇళ్ళలోని పెద్దలకు, పిల్లలకు ఎదురయ్యే ప్రమాదం ఏమిటి? ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

బాగ్దాదులో జరిగిన పరీక్ష

క్రీ.శ. 931వ సంవత్సరం. అబ్బాసీ ఖలీఫా అల్ ముఖ్తదిర్ పాలిస్తున్న కాలం. ఒక వైద్యుని పొరపాటు వలన బాగ్దాదులో ఒక రోగి మరణించాడన్న వార్త ఖలీఫా చెవిన పడింది. అప్పుడాయన ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ప్రధాన వైద్యుడైన సినాన్ ఇబ్ను సాబిత్ పరీక్షించి అనుమతి ఇచ్చినవారు తప్ప నగరంలో మరెవ్వరూ వైద్యం చేయరాదు. పేరు ప్రఖ్యాతులు గలవారికి, ప్రభుత్వ కొలువులో ఉన్నవారికి మినహాయింపు ఇచ్చిన తరువాత కూడా, పరీక్షకు హాజరైనవారు 860 మందికి పైగా ఉన్నారని నాటి వైద్యుల జీవిత చరిత్రలు రాసిన గ్రంథకర్తలు నమోదు చేశారు. ఎవరికి ఎంత జ్ఞానం ఉన్నదో చూసి, వారు ఏ మేరకు వైద్యం చేయవచ్చునో సినాన్ నిర్ణయించాడు.

ఈ ఉత్తర్వు వెనుక ఒక ధార్మిక నియమం కూడా ఉన్నది. వైద్య విద్య తెలియనివాడు వైద్యానికి పూనుకుని హాని కలిగిస్తే ఆ నష్టానికి అతడే బాధ్యుడని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ధర్మవేత్తలు దీని ఆధారంగానే వైద్యుని బాధ్యతను వివరంగా చర్చించారు. సదుద్దేశం ఒక్కటే చాలదు, నైపుణ్యం కూడా ఉండాలన్నది ఆ చర్చల సారాంశం.

మోతాదును లెక్కగా మార్చే ప్రయత్నం అంతకుముందే మొదలైంది. తొమ్మిదవ శతాబ్దికి చెందిన తత్వవేత్త అల్ కిందీ, మిశ్రమ ఔషధాల బలాన్ని గణితంతో కొలవాలని ఒక గ్రంథం రాశాడు. మందు బలం ఒక్కొక్క మెట్టు పెరిగే కొద్దీ రెట్టింపవుతూ, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అన్న వరుసలో సాగుతుందని ఆయన సిద్ధాంతం. పన్నెండవ శతాబ్దిలో అది లాటిన్‌లోకి అనువాదమై యూరప్ చేరింది. 1037లో మరణించిన ఇబ్ను సీనా తన "అల్ ఖానూన్" గ్రంథంలో మందులను పరీక్షించడానికి నియమాలు విధించాడు. సింహం మీదనో గుర్రం మీదనో పనిచేసిన మందు మనిషి మీద కూడా అలాగే పనిచేస్తుందని చెప్పలేమనీ, పరీక్ష మనిషి శరీరం మీదనే జరగాలనీ వాటిలో ఒక నియమం. నాటి వేడి, చలువ గుణాల సిద్ధాంతం నేటి విజ్ఞానశాస్త్రంలో నిలబడలేదు. కాని మోతాదును ఊహకు వదలరాదు, కొలవాలి అన్న వారి పట్టుదల మాత్రం నిలబడింది.

ఒకే మందు, వేరు వేరు శరీరాలు

మనం మింగిన మాత్ర ప్రేగుల ద్వారా రక్తంలోకి చేరుతుంది. రక్తం దానిని శరీరమంతటికీ మోసుకుపోతుంది. కాలేయం దానిని విడగొడుతుంది. మూత్రపిండాలు దానిని బయటికి పంపుతాయి. ఈ నాలుగు పనులలో ఏ ఒక్కటి మనిషికీ మనిషికీ మారినా, రక్తంలో మిగిలే మందు పరిమాణం మారిపోతుంది. తక్కువైతే జబ్బు తగ్గదు. ఎక్కువైతే మందే విషమవుతుంది.

మూత్రపిండాల సంగతే తీసుకుందాము. రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.2 అని వచ్చిన ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు 30 ఏళ్ళ యువకుడు, బరువు 70 కిలోలు. రెండవవారు 75 ఏళ్ళ వృద్ధురాలు, బరువు 45 కిలోలు. కాగితం మీద ఇద్దరి అంకె ఒకటే. కాని 1976 నుండి వైద్యులు వాడుతున్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వయసు, బరువు, స్త్రీ పురుష భేదం కూడా చేరుతాయి. 140 నుండి వయసును తీసివేసి, బరువుతో హెచ్చవేసి, ఆ మొత్తాన్ని 72తోను క్రియాటినిన్‌తోను భాగించాలి. స్త్రీలకైతే వచ్చిన ఫలితాన్ని 0.85తో హెచ్చవేయాలి. ఆ ప్రకారం యువకుని మూత్రపిండాల వడపోత నిమిషానికి సుమారు 89 మిల్లీలీటర్లు. వృద్ధురాలిది సుమారు 29 మిల్లీలీటర్లు మాత్రమే. అంటే మూడో వంతు. మూత్రపిండాల ద్వారా బయటికి పోయే మందును ఇద్దరికీ ఒకే మోతాదులో ఇస్తే, ఆమె రక్తంలో అది రోజురోజుకూ పేరుకుపోతుంది. గుండెకు వాడే డిగాక్సిన్, తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు ఇంజెక్షన్‌గా ఇచ్చే జెంటామైసిన్ ఇటువంటి మందులే. మధుమేహానికి ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్‌ను కూడా, మూత్రపిండాల వడపోత 30కి తగ్గినవారికి ఇవ్వరాదన్నది నియమం.

ఇది మనకు దూరపు విషయం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో తెలుగువారందరికీ తెలుసు. మధుమేహం, రక్తపోటు ఉన్న ప్రతి ఇంట్లోనూ మూత్రపిండాలు నెమ్మదిగా బలహీనపడే అవకాశం ఉన్నది. పదేళ్ళ క్రితం సరిపోయిన మోతాదు నేడు ఎక్కువ కావచ్చు. మందుచీటీ మారలేదు. శరీరం మారింది.

కాలేయం కథ మరొక రకం. మూర్ఛ వ్యాధికి వాడే ఫెనిటాయిన్‌ను చూడండి. ధాన్యం ఆడించే మిల్లుకు రోజుకు ఇన్ని బస్తాలు అని ఒక పరిమితి ఉంటుంది. అంతవరకు ఎంత తెచ్చినా ఆడుతుంది. పరిమితి దాటితే బస్తాలు వాకిట్లో పేరుకుంటాయి. ఫెనిటాయిన్ విషయంలో కాలేయం అచ్చంగా ఈ మిల్లు వంటిది. మోతాదును మూడో వంతు పెంచితే రక్తంలో మందు మూడో వంతే పెరగదు. రెట్టింపు కావచ్చు, అంతకు మించనూవచ్చు. అప్పుడు రోగి నడక తడబడుతుంది, చూపు రెండుగా కనబడుతుంది, మాట ముద్దగా వస్తుంది. శిక్షణ లేని కన్ను దీనిని జబ్బు ముదిరిందని భ్రమించి మందు ఇంకా పెంచే ప్రమాదం ఉన్నది. శిక్షణ పొందిన కన్ను రక్తంలో మందు పరిమాణాన్ని పరీక్ష చేయిస్తుంది. సాధారణంగా అది ఒక మిల్లీలీటరుకు 10 నుండి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలి.

జన్యువులు చెప్పే మాట

బరువు, వయసు, మూత్రపిండాలు ఒకేలా ఉన్న ఇద్దరు అన్నదమ్ములలో కూడా ఒక మందు వేరు వేరుగా పనిచేయవచ్చు. కారణం జన్యువులు. క్షయకు వాడే ఐసోనియజిడ్‌ను కొందరి శరీరం వేగంగా విడగొడుతుందనీ, మరికొందరి శరీరం నెమ్మదిగా విడగొడుతుందనీ, ఇది వంశపారంపర్య లక్షణమనీ 1950లలో, 1960 ప్రాంతంలో జరిగిన పరిశోధనలు తేల్చాయి. నెమ్మదిగా విడగొట్టేవారికి చేతులలో, కాళ్ళలో తిమ్మిరులు వచ్చే ప్రమాదం ఎక్కువ. క్షయ మందులతోపాటు విటమిన్ బి6 మాత్ర ఇవ్వడం ఆ హానిని నివారించేందుకే.

గుండెలో స్టెంటు వేసిన తరువాత ఇచ్చే క్లోపిడోగ్రెల్ తనంతట తాను పనిచేయదు. కాలేయంలోని ఒక ఎంజైము దానిని చురుకైన రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైము పుట్టుకతోనే బలహీనంగా ఉన్నవారిలో మందు వేసుకున్నా రక్తం గడ్డకట్టే ప్రమాదం మిగిలే ఉంటుంది. ఈ విషయమై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఆ మందు మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. ఆ ఎంజైము బలహీనంగా ఉన్నవారు యూరప్ ప్రజల కంటే మన దక్షిణాసియా ప్రజలలోనే ఎక్కువ. కొడీన్‌ది దీనికి భిన్నమైన కథ. కొందరి శరీరం దానిని అతి వేగంగా మార్ఫిన్‌గా మారుస్తుంది. గొంతులోని టాన్సిల్స్ ఆపరేషన్ తరువాత మామూలు మోతాదులోనే కొడీన్ ఇచ్చిన కొందరు పిల్లలు ఊపిరి ఆగి మరణించడంతో, 2013లో అదే సంస్థ ఆ పిల్లలకు కొడీన్ ఇవ్వరాదని హెచ్చరించింది.

జన్యు పరీక్ష చేసి మోతాదు నిర్ణయిస్తే నిజంగా మేలు కలుగుతుందా? యూరప్‌లోని ఏడు దేశాలలో 6,944 మంది రోగులతో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. పన్నెండు జన్యువులను పరీక్షించి, ఆ ఫలితం ప్రకారం మందు, మోతాదు ఎంచుకున్నారు. జన్యువుల రీత్యా మార్పు అవసరమైన రోగులలో, మామూలు పద్ధతిలో వైద్యం పొందినవారిలో 27.7 శాతం మందికి చెప్పుకోదగిన దుష్ఫలితాలు కలిగాయి. పరీక్ష ప్రకారం వైద్యం పొందినవారిలో అది 21 శాతం. అయితే పరీక్షా ఫలితం ఒక్కటే రోగిని కాపాడలేదు. ఆ కాగితాన్ని చదివి, ఈ రోగికి మోతాదు సగం చేయాలా, మందే మార్చాలా అని నిర్ణయించగల వైద్యుడు, ఫార్మసిస్టు ఉండాలి. నెదర్లాండ్స్‌లో ఫార్మసిస్టుల సంఘం 2005 నుండే ఇటువంటి మార్గదర్శకాలు తయారు చేస్తూ వస్తున్నది.

శిక్షణ ఎలా ఉండాలి?

వైద్య విద్యార్థి ఔషధశాస్త్రంలో వందలాది మందుల పేర్లు, గుణాలు కంఠస్థం చేస్తాడు. కాని రోగి ముందు కూర్చున్నప్పుడు కావలసినది మరొక నైపుణ్యం. ఈ లోటును గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో మందులు రాయడం నేర్పే ఒక మార్గదర్శిని ప్రచురించింది. దానిలో ఆరు మెట్లు ఉన్నాయి. రోగి సమస్య ఏమిటో నిర్ధారించుకోవాలి. చికిత్స ద్వారా ఏమి సాధించదలచామో స్పష్టం చేసుకోవాలి. తాను ఎంచుకున్న మందు, దాని మోతాదు ఈ రోగికి తగినవేనా అని సరిచూడాలి. మందుచీటీ రాయాలి. రోగికి వివరించి హెచ్చరికలు చెప్పాలి. తరువాత ఫలితాన్ని గమనించాలి. ఈ ఆరింటిలో మూడవ మెట్టు మన వ్యాసానికి గుండెకాయ. పుస్తకంలోని మోతాదు సగటు మనిషిది. ఎదుట ఉన్నది సగటు మనిషి కాదు, ఒక ప్రత్యేకమైన వ్యక్తి.

ఈ పద్ధతిని ఊరకే ప్రకటించి వదిలివేయలేదు. న్యూఢిల్లీ, కాఠ్మాండూ, లాగోస్, యోగ్యకర్త, గ్రోనింజెన్, శాన్‌ఫ్రాన్సిస్కో, ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్, ఈ ఏడు నగరాల వైద్య విద్యార్థులు 219 మందిపై పరీక్షించి చూశారు. శిక్షణ పొందినవారు తమకు నేర్పిన సమస్యలనే కాక, కొత్త సమస్యలను కూడా మెరుగ్గా పరిష్కరించారు. ఆరు నెలల తరువాత కూడా ఆ నైపుణ్యం నిలిచి ఉన్నది. 1995లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. కొద్ది వారాల సరైన శిక్షణ ఎంత మార్పు తేగలదో దీనివలన తేలింది.

బ్రిటన్‌లో వైద్య విద్య ముగించే విద్యార్థులకు మందులు రాయడంపై ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉన్నది. రెండు గంటల వ్యవధి, 200 మార్కులు, ఎనిమిది విభాగాలు. వాటిలో మోతాదు లెక్కలకు ఒక విభాగం, మందు ప్రభావాన్ని గమనించడానికి ఒక విభాగం, ఇతరులు రాసిన చీటీలోని తప్పులు పట్టడానికి ఒక విభాగం ఉన్నాయి. పదకొండు వందల ఏళ్ళ క్రితం బాగ్దాదులో సినాన్ చేసిన పనికి ఇది నేటి రూపమనవచ్చు.

మన దేశంలోనూ మార్పు మొదలైంది. 2019లో ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు ప్రవేశపెట్టిన కొత్త పాఠ్యప్రణాళికలో, పిల్లలకు, వృద్ధులకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, విడివిడిగా ఒక్కొక్క రోగికి తగిన సూత్రంతో మోతాదు లెక్కించగలగడాన్ని ఒక సామర్థ్యంగా చేర్చారు. 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సు ప్రారంభమైంది. దానిలో చివరి ఏడాది ఆసుపత్రిలోనే గడపాలి. వార్డులో వైద్యునితోపాటు తిరుగుతూ మందుచీటీలను సరిచూడగల ఫార్మసిస్టులను తయారు చేయడం దాని ఉద్దేశం. హైదరాబాదులోని నిమ్స్‌లో క్లినికల్ ఫార్మకాలజీకి ప్రత్యేక విభాగమే ఉన్నది. క్షయ నివారణ కార్యక్రమంలో మాత్రల సంఖ్యను రోగి బరువును బట్టి నిర్ణయిస్తారు. 35 నుండి 49 కిలోల వరకు బరువున్న పెద్దవారికి రోజుకు మూడు మాత్రలు, 50 నుండి 64 కిలోల వరకు నాలుగు. అందుకే క్షయ రోగిని ఆరోగ్య కార్యకర్త మళ్ళీ మళ్ళీ బరువు తూస్తారు. బరువు పెరగడం శుభవార్త. అదే మోతాదును సరిచూడవలసిన సమయం కూడా.

చిన్న చిన్న అలవాట్లే ప్రాణాలు నిలుపుతాయి

మోతాదు శిక్షణలో గణితం కంటే అలవాట్లకు ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. దశాంశ బిందువు ముందు సున్న రాయాలి, తరువాత అనవసరపు సున్న రాయరాదు. అర మిల్లీగ్రామును ".5" అని రాస్తే చుక్క కనబడక 5 అని చదవవచ్చు. ఐదును "5.0" అని రాస్తే 50 అని చదవవచ్చు. రెండూ పదిరెట్ల తప్పులే. పసిపిల్లల వార్డులో పదిరెట్ల తప్పు ప్రాణాంతకం.

కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందు. దానిని రోజూ వేసుకోవడం వలన నోరు పుండ్లు పడి, రక్తకణాలు తగ్గిపోయి ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు అనేక దేశాలలో నమోదయ్యాయి. శిక్షణ పొందిన వైద్యుడు చీటీ మీద "వారానికొకసారి, శుక్రవారం" అని వారం పేరుతో సహా రాస్తాడు. శిక్షణ పొందిన ఫార్మసిస్టు మాత్రలు ఇచ్చేటప్పుడు అదే మాట నోటితో మళ్ళీ చెబుతాడు.

రక్తం ఎప్పుడు తీయాలన్నది కూడా శిక్షణలో భాగమే. డిగాక్సిన్ మాత్ర వేసుకున్న వెంటనే రక్తం తీస్తే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. కనీసం ఆరు గంటలు ఆగాలి. లిథియం వాడేవారికి చివరి మోతాదు తరువాత 12 గంటలకు తీయాలి. నర్సుకు ఈ సంగతి తెలియకపోతే, ఆ తప్పుడు అంకెను నమ్మి వైద్యుడు తప్పుడు నిర్ణయం తీసుకుంటాడు. మోతాదు ఒక్కరి పని కాదు. రాసేవారు, ఇచ్చేవారు, గమనించేవారు అందరూ ఒకే లెక్క నేర్చుకోవాలి.

రమజాన్ మాసంలో మోతాదు

ప్రతి ఏడాదీ ముస్లిం కుటుంబాల ముందుకు వచ్చే ప్రశ్న ఇది. మధుమేహం ఉన్నవారు రోజా ఉంటే మందులు ఎలా వేసుకోవాలి? 13 ముస్లిం దేశాలలో 12,243 మంది మధుమేహులను పరిశీలించిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో 79 శాతం మంది కనీసం 15 రోజులు ఉపవాసం పాటించారు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే సంఘటనలు టైప్ 1 వారిలో 4.7 రెట్లు, టైప్ 2 వారిలో 7.5 రెట్లు పెరిగాయి. ఉపవాసం ఉండాలన్న తపన ఎంత బలమైనదో, ముందస్తు సన్నాహం లేకపోతే ప్రమాదం ఎంతటిదో ఈ అంకెలు చెబుతున్నాయి.

దీనికి పరిష్కారం కూడా శిక్షణలోనే దొరికింది. లండన్‌లో జరిగిన ఒక ప్రయోగంలో రమజాన్‌కు ముందు ఆహారం, మందులు, చక్కెర పరీక్షల గురించి బోధన పొందిన రోగులలో చక్కెర పడిపోయే సంఘటనలు తగ్గాయి. బోధన పొందనివారిలో అవి నాలుగు రెట్లయ్యాయి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, డయాబెటిస్ అండ్ రమదాన్ కూటమి కలిసి వైద్యుల కోసం 2016లో మార్గదర్శకాలు వెలువరించి, 2021లో వాటిని సవరించాయి. రమజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే రోగిని పరీక్షించి, ప్రమాదానికి మార్కులు వేసి, ఉపవాసం ఉండవచ్చునా, జాగ్రత్తతో ఉండాలా, ఉండరాదా అని సలహా ఇవ్వడం వాటి పద్ధతి.

మోతాదు విషయంలో వాటి సారాంశం ఇది. రోజుకు మూడుసార్లు మెట్‌ఫార్మిన్ వేసుకునేవారు మధ్యాహ్నపు మోతాదును ఇఫ్తార్ మోతాదుతో కలిపి, ఉదయపు మోతాదును సహరీలో తీసుకోవచ్చు. చక్కెరను బలంగా తగ్గించే పాత రకం మాత్రలకు బదులు తక్కువ ప్రమాదం గలవాటిని వైద్యుడు ఎంచుకుంటాడు. రోజుకొకసారి తీసుకునే దీర్ఘకాల ఇన్సులిన్‌ను ఇఫ్తార్ సమయానికి మార్చి 15 నుండి 30 శాతం తగ్గిస్తారు. ఎవరికి ఎంత తగ్గించాలన్నది వైద్యుడే చెప్పాలి. పొరుగువారి మోతాదు మనకు పనికిరాదు. చక్కెర 70 కంటే పడిపోయినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలి. ఇఫ్తార్‌కు ఇంకా అరగంటే ఉన్నదని ఆగడం ప్రాణాపాయం.

రక్త పరీక్ష చేసుకుంటే రోజా భంగమవుతుందేమోనన్న సందేహంతో చాలామంది వేలు గుచ్చుకోవడానికి వెనుకాడుతారు. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, పరీక్ష కోసం రక్తం తీయడం వలన ఉపవాసం భంగం కాదనీ, పోషకాలు లేని ఇంజెక్షన్ల వలన కూడా భంగం కాదనీ నిర్ణయించింది. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుండి సడలింపు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నది. ఆ సడలింపును వాడుకోవడం విశ్వాస లోపం కాదు.

మరొక పొరపాటు కూడా మన ఇళ్ళలో జరుగుతుంటుంది. రోజుకు మూడుసార్లు వేసుకోవలసిన యాంటీబయాటిక్‌ను ఇఫ్తార్‌కు ఒకటి, తరావీహ్ తరువాత ఒకటి, సహరీకి ఒకటి వేసుకుంటారు. రాత్రంతా మందు ఎక్కువై, పగలంతా లేకుండా పోతుంది. శిక్షణ పొందిన వైద్యునికి ముందే చెబితే రోజుకొకసారో రెండుసార్లో సరిపోయే మందు దొరకవచ్చు. మూర్ఛ మందులు వాడేవారు కూడా తమంతట తాము వేళలు మార్చుకోరాదు.

చెంచాలో దాగిన ప్రమాదం

శిక్షణ పొందిన వైద్యుడు ఎంత జాగ్రత్తగా రాసినా, చివరి మోతాదు వేసేది ఇంట్లో తల్లి చేయి. పిల్లల జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్‌నే చూడండి. ఒక్కసారికి కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. పది కిలోల పాపకు ఎక్కువలో ఎక్కువ 150 మిల్లీగ్రాములు. కాని మందుల షాపులో అది మూడు బలాలలో దొరుకుతుంది. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే 1.5 మిల్లీలీటర్లు చాలు. ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. ఐదింటికి 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లు. పోయినసారి 6 మిల్లీలీటర్లు ఇచ్చామన్న జ్ఞాపకంతో ఈసారి చుక్కల మందు అంతే పోస్తే, పాపకు 600 మిల్లీగ్రాములు అందుతుంది. నాలుగు రెట్లు. అదే తప్పు పూటపూటకూ సాగితే కాలేయం దెబ్బతింటుంది. వంటింటి చెంచా కొలత కాదు. సీసాతో వచ్చిన మూతనో, గీతలున్న సిరంజినో వాడాలి.

పిల్లలు చిన్న సైజు పెద్దవారు కారన్నది వైద్య విద్యార్థులకు నేర్పే మొదటి పాఠం. 1959లో క్లోరంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన నవజాత శిశువులు బూడిద రంగుకు మారి మరణించిన ఉదంతాలు వెలుగులోకి వచ్చాయి. ఆ మందును విడగొట్టే శక్తి వారి కాలేయానికి ఇంకా రాలేదు. బరువును బట్టి తగ్గించినంత మాత్రాన సరిపోదని ప్రపంచం అప్పుడు నేర్చుకున్నది.

మన వంతు

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ "హాని లేని ఔషధం" అన్న లక్ష్యంతో ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రారంభించింది. మందుల వలన కలిగే, నివారించదగిన తీవ్ర హానిని ఐదేళ్ళలో సగానికి తగ్గించాలన్నది దాని సంకల్పం. ఆ సంకల్పంలో రోగికి, కుటుంబానికి కూడా పాత్ర ఉన్నదని ఆ సంస్థ చెప్పింది.

ఇంట్లో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. అమ్మీ, అబ్బా, దాదీ, పిల్లలు ఒక్కొక్కరికి ఒక పేజీ. ప్రస్తుత బరువు, చివరి క్రియాటినిన్ అంకె, దాని తేదీ, వాడుతున్న మందుల పేర్లు, బలాలు, ఏ మందు పడలేదన్న వివరం రాయండి. యునానీ, ఆయుర్వేద మందులు, నొప్పి మాత్రలు వాడుతుంటే అవి కూడా రాయండి. కొత్త వైద్యుని దగ్గరికి వెళ్ళినప్పుడు అది చూపించండి. మూడు ప్రశ్నలు అడగండి. ఈ మోతాదు నా వయసుకు, నా మూత్రపిండాలకు తగినదేనా? దీనిని ఎప్పుడు మళ్ళీ సరిచూడాలి? ఏ లక్షణం కనబడితే మీకు చెప్పాలి? ఈ ప్రశ్నలకు మంచి వైద్యుడు కోపగించుకోడు. మీరు మోతాదు మార్చమని అడగడం లేదు, దానిని సరిచూడమని కోరుతున్నారు.

వైద్య విద్యలో, నర్సింగులో, ఫార్మసీలో చదువుతున్న మన బిడ్డలకు కూడా ఈ మాట చెప్పండి. మందు పేరు గుర్తుంచుకోవడం చదువు. ఎదుట కూర్చున్న వృద్ధురాలి బరువు తూచి, ఆమె మూత్రపిండాల లెక్క కట్టి, మాత్రను సగం చేయడం అమానతు. తన ప్రాణాన్ని నమ్మి అప్పగించిన మనిషి పట్ల అది తీర్చవలసిన బాధ్యత. ఆ బాధ్యత తీర్చినవారి చేతికే లోకం హస్తవాసి అని పేరు పెడుతుంది. ఇన్షా అల్లాహ్, ఆ పేరు మన బిడ్డలకు దక్కాలి.